నొప్పి తగ్గింది, మోకాలు మానలేదు

నా ఎడమ మోకాల్లో లిగమెంట్ తెగిన రోజు నేను నొప్పితో విలవిల్లాడింది మహా అయితే రెండు నిమిషాలు. బ్యాడ్మింటన్ కోర్టులో షటిల్ బ్యాక్‌హ్యాండ్ మూలకు, అంటే నాకు ఎడమవైపు వెనక్కి, లేచింది. వెనక్కి పరుగెత్తి, ఒళ్లు విల్లులా వంచి, తల మీదుగా కొట్టి, ఎడమ కాలి మీద దిగాను. పాదం నేలకు అతుక్కుపోయింది, ఒళ్లు తిరిగిపోయింది, మధ్యలో ఉన్న మోకాలు ఎటు పోవాలో తెలియక లోపలికి ఒరిగింది. 'టప్'మని చప్పుడు. నెట్ అవతల ఉన్న మిత్రుడు "రాకెట్ విరిగిందేంట్రా?" అన్నాడు. రెండు నిమిషాలు నేల మీద దొర్లాను. ఐదో నిమిషానికి పోటు తగ్గింది. పదో నిమిషానికి లేచి నడిచాను. "ఏం లేదు, కాస్త బెణికింది" అని నేనే అందరికీ ధైర్యం చెప్పాను. ఇంకో గేమ్ ఆడదామా అని కూడా అనిపించింది.

ఆ రాత్రికి మోకాలు ఎంత ఉబ్బిందంటే చిప్ప ఎక్కడుందో కనబడలేదు. ఐస్ పెట్టాను, క్రేప్ బ్యాండేజ్ చుట్టాను, నొప్పి మాత్ర వేసుకున్నాను. వారం తర్వాత కుంటుతూ ఆఫీసుకెళ్లాను. మూడు వారాలకి మెట్లెక్కాను. ఆరో వారానికి నొప్పన్నదే లేదు. నొప్పి లేదు కాబట్టి తగ్గిపోయింది, తగ్గిపోయింది కాబట్టి ఆడొచ్చు. ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకు కనబడలేదు. మళ్లీ కోర్టులోకి దిగాను. అరగంట బాగానే ఆడాను. పక్కకి తిరిగి ఒక డ్రాప్ అందుకోబోతుంటే, మోకాలు అసలు అక్కడ లేనట్టే జారిపోయింది. ఈసారి లేవలేకపోయాను.

ఎంఆర్ఐలో తేలిందేమిటంటే, మొదటిరోజు తెగింది ఏసీఎల్ అనే లిగమెంట్. దాని సంగతి తెలియకుండా ఆడినందుకు, మోకాలి ఎముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ కూడా చిరిగింది. మొదటిది నా ఖర్మ అనుకున్నా, రెండోది మాత్రం చేతులారా చేసుకున్నది.

ఈ వ్యాసం ఆ రెండోదాని గురించే. కీళ్ల దెబ్బలు తగిలినప్పుడు ఆటలాడేవాళ్లం అన్నీ నొప్పిని అడిగే తేల్చుకుంటాం. నొప్పి ఉంటే ఆగుతాం, లేకపోతే ఆడతాం, మరీ మొండివాళ్లమైతే ఉన్నా ఆడతాం. సర్జరీ, ఫిజియో, తిరిగి కోర్టు, ఇదంతా రెండేళ్లపాటు తిరిగొచ్చాక నాకు అర్థమైంది ఒకటే: కీలు మానిందో లేదో నొప్పికి తెలియదు. తెలియనిదాన్ని పట్టుకుని మనం సలహా అడుగుతున్నాం.

ముందు ఆ దెబ్బ ఎలా తగులుతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఎవరో వచ్చి గుద్దితేనే మోకాలు పోతుందనుకుంటారు. ఏసీఎల్ తెగడాల్లో ఎక్కువ భాగం ఎవరూ తాకకుండానే జరుగుతాయి. పరుగులో ఉన్నవాడు హఠాత్తుగా ఆగుతాడు, దిశ మార్చుకుంటాడు, లేదా గాల్లోంచి ఒంటికాలి మీద దిగుతాడు. అంతే. బ్యాడ్మింటన్‌లో దీనికొక ప్రత్యేకమైన మూల ఉంది. కుడిచేత్తో ఆడేవాడు బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలలో తల మీదుగా కొట్టి దిగేది ఎడమ కాలి మీదే. అందుకే రాకెట్ పట్టని చేతి వైపు మోకాలికి ప్రమాదం ఎక్కువ.

స్పెయిన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌ది ఎడమచేతి ఆట. 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్లో సైనా నెహ్వాల్ మీద 10-4 ఆధిక్యంలో ఉండగా ఆమెకు పోయింది కుడి మోకాలు. ఎనిమిది నెలలు తిరక్కుండానే సెప్టెంబరులో చైనా ఓపెన్ గెలిచింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి ముందు ఎడమ మోకాలు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో కూడా ముందంజలో ఉండగా మళ్లీ కుడి మోకాలు. సపోర్ట్ కట్టుకుని రెండు పాయింట్లు ఆడటానికి ప్రయత్నించి, కుప్పకూలి ఏడ్చింది. ఆమె మీద ఆడిన చైనా క్రీడాకారిణి హీ బింగ్‌జావో రజతం అందుకునేటప్పుడు చేతిలో స్పెయిన్ పిన్ పట్టుకుని నిలబడింది. ఆ వీడియో నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేను. ప్రపంచంలో అత్యుత్తమ వైద్యం అందుబాటులో ఉన్న మనిషికే ఇలా జరిగితే, వారానికి మూడు రోజులు ఆడే నాలాంటివాడు ఎంత?

సరే, నొప్పి సంగతికి వద్దాం. లిగమెంట్ తెగినా ఆరువారాల్లో నొప్పి ఎందుకు పోయింది?

ఏసీఎల్ మోకాలి నడిమధ్యలో ఏటవాలుగా ఉండే తాడులాంటిది. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కట్టి ఉంచుతుంది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా ఆపడం దాని పని. తిన్నగా నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు దానితో పెద్ద పని పడదు. తెగినప్పుడు కొద్ది గంటల్లోనే కీలు లోపల రక్తం చేరి వాపు వస్తుంది. మొదటి వారాల్లో మనం పడే బాధలో ఎక్కువ భాగం ఆ వాపుదీ, చుట్టుపక్కల నలిగినవాటిదీ. వాపు తీసేసరికి బాధ పోతుంది. తాడు మాత్రం తెగే ఉంటుంది, ఎప్పుడు పక్కకి తిరుగుతామా అని ఎదురుచూస్తూ. మెలిక, టప్‌మనే చప్పుడు, కొద్ది గంటల్లో వాపు: ఈ మూడూ కలిసి వస్తే అది బెణుకు అనుకోకూడదని ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను కనబడినవాళ్లందరికీ చెబుతున్నాను, విసుక్కున్నా సరే.

ఇంకా అన్యాయమైనది గుజ్జు. "గుజ్జు అరిగిపోయింది" అని మనం అంటామే, ఎముకల కొసల మీద ఉండే ఆ నున్నటి పొరకు నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. అంటే అది దెబ్బతింటున్నప్పుడు అరవలేదు, దెబ్బతిన్నాక తనంతట తాను సరిగా మానలేదు. మెనిస్కస్‌కి బయటి అంచులో మాత్రమే రక్తం అందుతుంది, లోపలి భాగానికి అందదు. మోకాల్లో అత్యంత విలువైన సరుకులో చాలా భాగం మూగది. గోల చేసేవి మిగతావి. నేను నొప్పి లేదని సంబరపడి ఆడిన ఆ అరగంటలో, పెద్దగా అరవలేని మెనిస్కస్ మీద నా బరువంతా రుద్దుతున్నాను.

సర్జరీ చేయించుకోవాలా వద్దా అన్న చోట నాకు రెండు నెలలు నిద్ర పట్టలేదు. అందరూ రెండు జట్లుగా విడిపోతారు. ఒకరు "తెగింది కదా, కుట్టించుకో" అంటారు. ఇంకొకరు "కత్తి పెట్టించుకోకు, వ్యాయామంతో పోతుంది" అంటారు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీయువకుల మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. సగం మందికి వెంటనే సర్జరీ చేసి వ్యాయామం చేయించారు. మిగతా సగానికి ముందు వ్యాయామం, అవసరమైతేనే తర్వాత సర్జరీ. రెండేళ్ల తర్వాత చూస్తే మోకాలి పరిస్థితిలో రెండు గుంపులకీ తేడా కనబడలేదు. ఆగి చూసిన 59 మందిలో రెండేళ్లలో సర్జరీ దాకా వెళ్లింది 23 మంది, ఐదేళ్లకు ఆ సంఖ్య 30 అయింది. దీన్ని చూపించి సర్జరీ దండగ అనేవాళ్లున్నారు. నేను అలా అనను. మెలికలు తిరిగే ఆట ఆడాలనుకున్నాను, మోకాలు రెండుసార్లు జారింది, మెనిస్కస్ చిరిగింది, కాబట్టి చేయించుకున్నాను. ఆ పరీక్షలో నన్ను పట్టి కుదిపింది వేరే సంగతి: రెండు గుంపులకీ ఉమ్మడిగా ఉన్నది నెలల తరబడి చేసిన వ్యాయామం. సర్జరీ ఒక పూట పని. మిగతాదంతా దాని తర్వాతే ఉంటుంది. మనం మాత్రం ఆపరేషన్ ఎవరు చేశారు అని అడుగుతాం గానీ, తర్వాత వ్యాయామం ఎవరు చేయించారు అని అడగం.

ఆపరేషన్ అయిన మర్నాడు ఫిజియో మేడమ్ వచ్చి, "తొడ కండరం బిగించండి" అన్నారు. నా తొడ వైపు చూశాను. బిగించమని ఆజ్ఞ ఇచ్చాను. ఏమీ జరగలేదు. మళ్లీ ఇచ్చాను. కాలు నాది కానట్టు, ఎవరిదో తెచ్చి నా పక్కన పడుకోబెట్టినట్టు ఉంది. ముప్పై ఆరేళ్లుగా చెప్పకుండానే పనిచేసిన కండరం చెప్పినా వినడం మానేసింది. "కండరం ఎక్కడికీ పోలేదండీ, కీల్లో నీరు ఉంది కదా, నరాలు దానికి కరెంటు ఆపేశాయి" అన్నారావిడ. వాపు ఉన్న మోకాలు తన ముందున్న తొడ కండరాన్ని దానంతటదే అణిచిపెడుతుంది. దీనికి నొప్పితో కూడా పనిలేదు, వాపు చాలు. ఇది తెలిశాక అర్థమైంది, సర్జరీకి ముందే ఆ ఆరువారాల్లో నా ఎడమ తొడ ఎందుకు చిక్కిపోయిందో. ఆవిడ టేప్ పెట్టి కొలిస్తే కుడిదానికంటే మూడున్నర సెంటీమీటర్లు తక్కువ. నొప్పి లేదని నేను ఆడటానికి వెళ్లింది ఆ కాలితోనే.

ఇప్పుడు అసలైన మోసం గురించి చెప్పాలి. నాకు తెలిసినంతలో ఆటగాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

తెగిన ఏసీఎల్ స్థానంలో సాధారణంగా మన ఒంట్లోంచే ఒక స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, తీసి పెడతారు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ నుంచి గానీ, మోకాలి చిప్ప కింద నుంచి గానీ, తొడ ముందు కండరం నుంచి గానీ. దీన్ని గ్రాఫ్ట్ అంటారు. మనమేమనుకుంటాం? కొత్త తాడు కట్టారు, రోజురోజుకీ గట్టిపడుతుంది అనుకుంటాం. జరిగేది అది కాదు. రక్తప్రసరణ తెగిపోయిన ఆ ముక్కలో కణాలు ముందు చచ్చిపోతాయి. తర్వాత నెమ్మదిగా కొత్త రక్తనాళాలు దాంట్లోకి పాకుతాయి, కొత్త కణాలు చేరతాయి, పాత దారాల్ని తీసి కొత్తవి అల్లుతాయి. ఆ మార్పిడి జోరుగా సాగే మొదటి నెలల్లో గ్రాఫ్ట్ పెట్టిన రోజుకంటే బలహీనంగా ఉంటుంది. పూర్తిగా లిగమెంట్‌లా మారడానికి ఏడాది, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది.

సరిగ్గా ఆ మొదటి నెలల్లోనే నొప్పి దిగిపోతుంది. రెండో నెలకి కర్ర వదిలేస్తాం. మూడో నెలకి సైకిల్ తొక్కుతాం. చూసినవాళ్లు "అరే, అసలు ఆపరేషన్ అయినట్టే లేదే!" అంటారు. నొప్పి గీత కిందకి దిగుతుంటే మన ధైర్యం గీత పైకి లేస్తుంది. లోపల గ్రాఫ్ట్ ఈ రెండింటితో సంబంధం లేకుండా దాని పాట్లేవో అది పడుతూ ఉంటుంది.

నాలుగో నెలలో నేను కోర్టుకెళ్లాను. ఆడటానికి కాదు, చూడటానికి. అలా అని ఇంట్లో చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. షూస్ ఎందుకు తీసుకెళ్లానో మరి. "ఊరికే నిలబడి నాలుగు షాట్లు కొట్టరా, ఏమవుతుంది" అన్నాడు మిత్రుడు. నాలుగు నలభై అయ్యాయి. నొప్పి సున్నా. ఇంటికొస్తూ విజిల్ వేసుకున్నాను కూడా. మర్నాడు పొద్దున మోకాలు ఉబ్బి మడత పడలేదు. అదృష్టం కొద్దీ ఏదీ తెగలేదు గానీ, ఆ వాపు తీయడానికీ, వాపుతో మళ్లీ పడుకున్న తొడ కండరాన్ని లేపడానికీ ఆరువారాలు పట్టింది. మేడమ్ తిట్టలేదు. నేల మీద ఒక గీత గీసి, "కుడి కాలితో ఎంత దూరం గెంతగలరో గెంతండి" అన్నారు. నూటయాభై సెంటీమీటర్లు వచ్చింది. "ఎడమ కాలితో ఎంత గెంతుతారనుకుంటున్నారు?" అని అడిగారు. నూటనలభై అన్నాను. గెంతడానికి వీల్లేదన్నారు. ఇంకో రెండు నెలలకి గెంతనిచ్చారు. తొంభైఆరు.

తొంభైఆరు! ఏ నొప్పీ లేని కాలు. మెట్లు దిగే కాలు, కారు నడిపే కాలు, నేను పూర్తిగా బాగుందని ప్రమాణం చేసి చెప్పగలిగే కాలు. నొప్పి చెప్పని విషయాన్ని టేపు ఒక్క క్షణంలో చెప్పింది.

ఈ కొలతలు ఊరికే పెట్టినవి కావు. అమెరికాలోని డెలావేర్, నార్వేలోని ఓస్లో పరిశోధకుల బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 106 మందిని రెండేళ్లు గమనించారు. సర్జరీ తర్వాత తొమ్మిది నెలల వరకు, ఆటకి తిరిగి వెళ్లడం ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలికి మళ్లీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగానికి సగం తగ్గింది. బలం, గెంతు లాంటి పరీక్షలు పాస్ కాకుండా వెళ్లినవాళ్లలో 38.2 శాతం మంది మళ్లీ మోకాలు దెబ్బతీసుకున్నారు. పాసై వెళ్లినవాళ్లలో 5.6 శాతం. గుంపు చిన్నది, నిజమే. కానీ ఈ తేడా నా నాలుగో నెల విజిల్‌ని గుర్తుచేసి సిగ్గుపడేలా చేసింది. పాతికేళ్లలోపు వాళ్లు తిరిగి ఆటలోకి వెళ్లినప్పుడు సుమారు నలుగురిలో ఒకరికి మళ్లీ ఏసీఎల్ తెగుతోందని, అది అదే మోకాలైనా రెండోదైనా కావచ్చని ఇంకో సమీక్ష చెప్పింది. కుర్రాళ్లకి ఒళ్లు త్వరగా మానుతుందని మనం అంటాం కదా. త్వరగా మానేది నొప్పి. ఒళ్లు కాదు.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. దెబ్బతిన్న కాలిని బాగున్న కాలితో పోల్చి, తొంభై శాతం వస్తే పాస్ అంటారు. కానీ నెలల తరబడి ఆట లేక బాగున్న కాలు కూడా నీరసపడుతుంది. దాంతో పోలిస్తే దెబ్బతిన్న కాలు గొప్పగా కనబడుతుంది. ఇద్దరు ఫెయిలైనవాళ్లలో ఎవరు ఫస్టు అన్నట్టు. అందుకే వీలైతే సర్జరీకి ముందే రెండు కాళ్ల బలం కొలిపించి రాసిపెట్టుకోమంటాను. నేను పెట్టుకోలేదు.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. "నొప్పిని పట్టించుకుంటే ఆటే లేదు. గొప్పవాళ్లంతా నొప్పిని తొక్కేసి ఆడినవాళ్లే" అంటారు. వాళ్లు తెచ్చే మొదటి ఉదాహరణ కెర్రీ స్ట్రగ్. 1996 అట్లాంటా ఒలింపిక్స్, జిమ్నాస్టిక్స్ టీమ్ ఫైనల్. మొదటి వాల్ట్‌లో (పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా గాల్లోకి దూకే అంశం) పడి చీలమండ లిగమెంట్లు దెబ్బతిన్న పద్దెనిమిదేళ్ల పిల్ల, అదే కాలితో పరుగెత్తి రెండో వాల్ట్ దూకి, దిగి, ఒంటికాలి మీద నిలబడి సెల్యూట్ చేసి, కూలబడింది. కోచ్ ఆమెను ఎత్తుకుని పతకాల వేదిక దగ్గరికి తీసుకెళ్లాడు. అమెరికాకి స్వర్ణం. చిన్నప్పుడు నాకూ అది చూసి ఒళ్లు గగుర్పొడిచింది. తర్వాతెప్పుడో లెక్క చూశాను. అమెరికా గెలిచింది 0.821 తేడాతో. ఆమె రెండో వాల్ట్ అసలు దూకకపోయినా, ఆ జట్టులో లెక్కకు రాకుండా పక్కనపెట్టిన స్కోరు దాని స్థానంలోకి వచ్చి స్వర్ణమే వచ్చేది. రష్యా అమ్మాయిలు ఇంకా ఫ్లోర్ మీద ఉన్నారు కాబట్టి ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఆమె ఇంకో ఒలింపిక్స్ ఆడలేదు. ఆమె తెగువని తక్కువ చేయను. కానీ ఆ తెగువని పాఠంగా చెప్పి మైదానంలో పిల్లల చీలమండల మీద చల్లటి స్ప్రే కొట్టి, "లే, ఏం కాలేదు" అనే పెద్దల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ స్ప్రే చర్మాన్ని మొద్దుబారుస్తుంది. అంతకుమించి దానికేమీ రాదు.

చల్లటి స్ప్రే సంగతి వచ్చింది కాబట్టి ఐస్ గురించీ ఒక మాట. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్. ఐసూ, పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత ఆయనే మాట మార్చాడు. నొప్పి తగ్గించుకోవడానికి కాసేపు ఐస్ పెట్టుకోవడంలో తప్పులేదు. అది వైద్యం అనుకుంటేనే ఇబ్బంది.

ఇంతవరకూ చదివినవాళ్లు, నొప్పి లేకపోయినా భయపడమంటున్నాడు వీడు, అనుకోవచ్చు. ఎనిమిదో నెలలో నాకు దీనికి తలకిందులుగా జరిగింది. స్క్వాట్ చేస్తుంటే చిప్ప కింద కలుక్కుమంది. మర్నాడు మళ్లీ. మూడోరోజు నేను వ్యాయామం మానేశాను. గ్రాఫ్ట్ తెగిపోయిందని నాకు నేనే నిర్ధారించుకున్నాను. మేడమ్ ఫోన్ చేసి, "పదిలో ఎంత?" అనలేదు. "ఎలాంటి నొప్పి?" అన్నారు. అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మనకు ఎన్ని మాటలున్నాయి దీనికి! సలుపు వేరు, పోటు వేరు, పీకుడు వేరు, మంట వేరు. పట్టేయడం వేరు, గుంజడం వేరు. కలుక్కుమనడం ఒకటి, చురుక్కుమనడం ఇంకొకటి. ఇన్ని మాటలున్న మనిషిని పట్టుకుని పదిలో ఆరు అనో ఏడు అనో చెప్పమంటారు.

నేను ఆ రోజు నుంచి నొప్పిని అంకెలతో కాక మాటలతో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. రాత్రి పడుకున్నాక సలుపు వస్తే, ఆ రోజు మోతాదు మించినట్టు, వాపు ఉందేమో చూసుకోవాలి. పొద్దున లేవగానే పట్టేసి పది నిమిషాల్లో వదిలేస్తే పట్టించుకోనక్కర్లేదు. వంగినప్పుడు కలుక్కుమని, వ్యాయామం అయ్యాక గంటలో మాయమై, మర్నాటికి వాపు లేకపోతే, అది చిప్ప చుట్టూ ఉన్న స్నాయువు కొత్త బరువుకి అలవాటు పడుతున్న నొప్పి. దానికి మందు మానేయడం కాదు, బరువు కాస్త తగ్గించి కొనసాగించడం. ఎటూ జరగకుండా మోకాలు మధ్యలో ఇరుక్కుపోతే, లేదా జారిపోతే, నొప్పి ఉన్నా లేకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి. ఇది నా మోకాలి నోట్‌బుక్. మీ భుజానికో మోచేతికో ఇవి సరిపోవు, మీది మీరు మీ ఫిజియోతో కూర్చుని రాసుకోవాలి.

ఎనిమిదో నెలలో నొప్పి ఉంది, దెబ్బ లేదు. ఆరో వారంలో దెబ్బ ఉంది, నొప్పి లేదు. రెండుసార్లూ నేను నమ్మింది నొప్పినే.

భయం గురించి మగవాళ్లం తక్కువ మాట్లాడతాం. పదకొండో నెలలో నా గెంతు నూటముప్పైఎనిమిదికి వచ్చింది, కుడిది నూటనలభైతొమ్మిది. పరీక్ష పాస్. కోర్టులోకి దిగాను. బ్యాక్‌హ్యాండ్ మూలకు షటిల్ లేచింది, నా కాళ్లు కదల్లేదు. వెళ్లలేకపోవడం వేరు. నేను వెళ్లలేదు. ఏసీఎల్ సర్జరీ తర్వాత ఏదో ఒక ఆటకి తిరిగి వెళ్లేవాళ్లు 81 శాతం, దెబ్బకి ముందున్న స్థాయికి వెళ్లేవాళ్లు 65 శాతం, పోటీ ఆటకి 55 శాతం అని 2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది. రానివాళ్లందరి మోకాళ్లూ చెడిపోలేదు. చాలామంది మోకాళ్లు సిద్ధంగానే ఉన్నాయి, మనసు రాలేదు. దీన్ని పిరికితనం అనే కోచ్‌లున్నారు. నా మెదడు ఆ మూలలో ఒకసారి నేల కూలింది, గుర్తుపెట్టుకుంది, తన పని తాను చేసింది. దాన్ని తిడితే మాట వినదు. మేడమ్ షటిల్ లేకుండా ఆ మూలకు నన్ను వందలసార్లు నడిపించారు. తర్వాత మెల్లగా పరుగు, తర్వాత రెండు కాళ్ల మీద దిగడం, తర్వాత ఒంటికాలి మీద. మోకాలు లోపలికి ఒరగకుండా, నడుము నుంచి వంగి, చప్పుడు రాకుండా దిగడం. చప్పుడు వస్తే మళ్లీ. షటిల్ చివర్లో వచ్చింది.

దెబ్బ తగలకముందే ఇలా దిగడం నేర్పితే? నేర్పుతున్నారు. ఫుట్‌బాల్‌లో ఫిఫా 11+ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాలు పడుతుంది, పరుగు, బలం, బ్యాలెన్స్, దిగే పద్ధతి అన్నీ కలిపి. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. ఆడపిల్లలకి ఏసీఎల్ ప్రమాదం మగపిల్లల కంటే కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. మరి మేమేం చేస్తాం? రాకెట్ తీసి రెండుసార్లు చేయి తిప్పి "లవ్ ఆల్" అంటాం.

మోకాలి గురించే చెప్పుకొచ్చాను గానీ, ఆటల్లో ఎక్కువగా దెబ్బతినేది చీలమండ. అందరూ చులకన చేసేదీ అదే. పాదం లోపలికి మడత పడుతుంది, బయటివైపు లిగమెంట్ సాగుతుంది లేదా చిరుగుతుంది. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బల మీద ఎముకని నొక్కితే ప్రాణం పోయినా ఎక్స్‌రే తీయించాలి. ఎముక విరగలేదంటే ఇక ఏమీ లేదన్నట్టే అందరూ ఇంటికి పోతారు. కానీ కన్ను చూడకుండానే పాదం ఎక్కడుందో మెదడుకి చెప్పే తీగలు కూడా ఆ లిగమెంట్లలో ఉంటాయి. అవి దెబ్బతింటే నొప్పి పోయాక కూడా పాదం తన జాడ సరిగా చెప్పదు. అందుకే ఒకసారి మడత పడ్డ కాలు మళ్లీ మళ్లీ మడత పడుతుంది. ఒంటికాలి మీద నిలబడి చేసే బ్యాలెన్స్ వ్యాయామాలు దీనికి మంచి మందు. చేసేవాళ్లు ఎంతమంది?

మొన్న మా కోర్టులో పంతొమ్మిదేళ్ల కుర్రాడు షూస్ లేసులు కట్టుకుంటున్నాడు. రెండు వారాల క్రితం వాడి చీలమండ మడత పడినప్పుడు నేనే పక్కనుండి లేపాను.

"తగ్గిందా?" అన్నాను.

"పూర్తిగా తగ్గిపోయిందన్నా. నొప్పే లేదు."

"ఆ కాలి మీద ఒక పదిసార్లు గెంతు."

నవ్వాడు. నేను నవ్వలేదు. లేచి నిలబడి, కుడికాలు మడిచి, ఎడమ కాలి మీద గెంతడం మొదలుపెట్టాడు. మూడో గెంతుకి పాదం పక్కకి ఒరిగి, గోడ పట్టుకున్నాడు.

"నొప్పి పుట్టిందా?"

"లేదన్నా," అన్నాడు పాదం వైపు వింతగా చూస్తూ.